పంచి ఇచ్చిన విద్య: శివారు రైతు హక్కు

బెజవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయినది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజి వెలసినది. భవానీపురం ఒడ్డున నిండుగా కనిపించే నీరే కాలువల వెంట దివిసీమ వరకు పొలాలను తడుపుతున్నది. ఎగువ రైతు తన మడి తడుపుకొనవచ్చును. అడ్డుకట్ట వేసి శివారు భూములను ఎండగట్టరాదు. నీరు అందరిదే, అయినను దానికొక కట్టుబాటు ఉన్నది. కంప్యూటరు ప్రోగ్రాముల చరిత్రలోనూ నలభై ఏండ్లుగా ఇటువంటి వివాదమే నడుస్తున్నది.

ప్రోగ్రాముకు రెండు రూపాలుంటవి. మనిషి చదివి దిద్దుకొనగల మూలరచన ఒకటి. యంత్రం నడుపుటకు మాత్రమే పనికివచ్చే రూపం మరొకటి. వ్యాపార సంస్థలు రెండవదానిని అమ్మి, మొదటిదానిని దాచసాగినవి. ఈ పద్ధతి సరికాదని అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే ప్రయత్నాన్ని ప్రకటించినారు. 1989లో దానికొక లైసెన్సు ఏర్పడినది. ఎవరైనను ప్రోగ్రామును వాడవచ్చును, మార్చవచ్చును, అమ్మవచ్చును కూడ. కాని ఇతరులకు అందించేవారు మూలరచనను, తాము పొందిన హక్కులను సైతం అందించవలెను. అనగా అమ్ముట తప్పు కాదు, దాచుట తప్పు.

ఈ షరతును అందరూ పాటించినారా? ఇండ్లలో ఇంటర్నెట్టును పంచే లింక్‌సిస్ రౌటరు ఒకటి లినక్సు ఆధారంగా నడుస్తున్నదని 2003లో కొందరు పరిశీలకులు కనుగొన్నారు. మూలరచన మాత్రం కొన్నవారికి అందలేదు. ఒత్తిడి పెరిగిన పిదప సంస్థ దానిని విడుదల చేసినది. ఆ రచనను ఆధారం చేసికొని ఔత్సాహికులు ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అనే కొత్త వ్యవస్థను నిర్మించినారు. శివారుకు నీరు చేరితే పంట ఎట్లు పండునో దీనివలన తెలియుచున్నది.

షరతులకు న్యాయస్థానాలు విలువ ఇచ్చునా అన్న సందేహం మిగిలినది. జర్మనీలో హెరాల్డ్ వెల్టె అనే రచయిత సైట్‌కామ్ సంస్థపై దావా వేయగా, షరతులు చెల్లునని 2004లో మ్యూనిక్ న్యాయస్థానం పలికినది. అమెరికాలో కథ మరింత విచిత్రం. బొమ్మ రైళ్లను నడిపే ప్రోగ్రామును ఉచితంగా పంచిన జాకబ్‌సన్ అనే భౌతికశాస్త్రజ్ఞునికి, తన పేటెంటు ఉల్లంఘించినారంటూ కాట్జర్ అనే వ్యాపారి రెండు లక్షల డాలర్లకు పైగా చెల్లించుమని లేఖ వ్రాసినాడు. ఆ వ్యాపారి ప్రోగ్రాములోనే జాకబ్‌సన్ బృందం ఫైళ్లు, కర్తల పేర్లు తొలగించి వాడినట్లు బయటపడినది. క్రింది కోర్టు నిషేధపుటుత్తరువు నిరాకరించినను, ఇటువంటి షరతులను మీరుట కాపీహక్కు ఉల్లంఘనే కాగలదని 2008లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పినది. 2010లో రాజీ కుదిరి వ్యాపారి లక్ష డాలర్లు చెల్లించుటకు అంగీకరించినాడు.

ఇక్కడ ఒక వివేకం అవసరం. రెండు ప్రోగ్రాములు ఒకే పని చేసినంత మాత్రాన ఒకటి రెండవదాని నకలు కాదు. ఒకే లెక్కకు ఇద్దరు విద్యార్థులు ఒకే జవాబు వ్రాయవచ్చును. ఇద్దరి పుస్తకాలలోనూ ఒకే అక్షరదోషం ఒకేచోట కనిపించినప్పుడు అనుమానానికి బలం చేకూరును. అటువంటి ఆనవాళ్లు చూపి, ముందుగా మర్యాదగా అడిగి, దిద్దుకొనుటకు గడువిచ్చుట మంచి పద్ధతి.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. మన దేశపు 1957 నాటి కాపీహక్కు చట్టాన్ని 1984లో సవరించి, ప్రోగ్రాములను సాహిత్య రచనల కోవలో చేర్చినారు. దివిసీమ నాయకులు మండలి వెంకట కృష్ణారావుగారి పేరిట, నిమ్మకూరులో జన్మించిన నందమూరి తారకరామారావుగారి పేరిట వెలసిన తెలుగు ఫాంట్లను సిలికానాంధ్ర సంస్థ స్వేచ్ఛా లైసెన్సుతో అందించినది. వాటితో శుభలేఖ అచ్చువేసి అమ్మవచ్చును, పత్రిక నడుపవచ్చును. ఫాంటును మాత్రమే విడిగా అమ్మరాదు. మార్చి పంచినచో అదే లైసెన్సుతో పంచవలెను. కర్తల ప్రకటనను తొలగించరాదు.

ఈ షరతులు పాటించుటకు పైసా ఖర్చు లేదు. పాటించనిచో నష్టపోవునది దాత ఒక్కడే కాదు. ఆ అక్షరాన్ని రేపు మరింత అందంగా దిద్దగల, ఇంకను పేరు తెలియని మన పిల్లవాడు సైతం నష్టపోవును. కాలువ చివరనున్న రైతు అతడే.