రాక్షసబల్లులును, బ్రతికిన కాలేజియు



నారాయణఖేడు ప్రాంతమున బావి త్రవ్వించిన పెద్దలకు నల్లరాతి సంగతి నేను చెప్పనక్కరలేదు. పైనున్న నల్లరేగడి తీసివేసినపిదప గడ్డపారకు లొంగని రాయి తగులును. ఆ రాయి నిప్పునుండి పుట్టినది. నేటికి సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరములకు పూర్వము దక్కనునేల బీటలు వాఱి, కరగిన రాయి వెల్లువలుగా పొంగి, పొరమీద పొరగా గట్టిపడెను. మహారాష్ట్రమున విస్తారముగా పఱచుకొన్న యా రాతిదుప్పటికి మన ప్రాంతము తూర్పుకొంగు వంటిది. రాక్షసబల్లులని మనమును, డైనోసారులని శాస్త్రజ్ఞులును పిలుచు జంతువులు భూమిమీద నంతరించినది సరిగా నా కాలముననే. ఆకాశమునుండి పడిన పెద్దరాయి వాటి నాశనమునకు ముఖ్యకారణమని పెక్కుమంది మతము. ఈ నిప్పువెల్లువల పాలెంతయో యింకను తగవు తీరలేదు.

ఏ పట్టణమునకు బోయినను దేవాలయదర్శనమైన వెంటనే జంతుప్రదర్శనశాల యెక్కడ నని యడుగుట నాకు చిన్ననాటినుండి యలవాటు. చేపలను గాజుతొట్లలో జూపు చోటున్నచో నది మఱియు సంతోషము. బ్రతికిన జంతువులమీది ప్రీతియు, ఎన్నడో చచ్చిన జంతువులమీది ప్రీతియు వేఱువేఱని కొందఱు తలంతురు. చరిత్ర చూచినచో నవి రెండును కవలపిల్లలు.

డైనోసారు అను పేరు 1842లో రిచర్డు ఓవెను అను ఆంగ్ల పండితుడు పెట్టినది. 1853లో లండను జంతుశాలయందు చేపలకై గాజుతొట్ల యిల్లు కట్టిరి. జనులకు చూపుటకై యేర్పడిన మత్స్యశాలలలో నది మొదటిది. మఱుసటి యేడే, 1854లో, ఆ నగరమునకు దక్షిణమున స్ఫటికసౌధపు తోటలో రాక్షసబల్లుల నిలువెత్తు బొమ్మలు నిలిపిరి. అందొకదానికి ముక్కుమీద కొమ్ము పెట్టిరి. అది కొమ్ము కాదు, చేతి బొటనవ్రేలి ముల్లని తరువాత పూర్తి యస్థిపంజరములు దొరకినప్పుడు గాని తెలియలేదు. ఆ తప్పుబొమ్మ నేటికిని అక్కడనే యున్నది. దానిని దిద్దకుండుటయే మంచిదని నా యభిప్రాయము.

ఆ మఱుసటి యేడు, 1855లో, చెన్నపట్టణమున ఎడ్వర్డు బాల్ఫరు అను వైద్యుడు తన యధీనమందున్న మ్యూజియము ఆవరణలో జంతువులను పెంచనారంభించెను. ఎండిన తోళ్లకంటె బ్రతికిన పులిని చూచుటకే జనము మూగుచున్నారని యాయన గ్రహించెను. కర్ణాటక నవాబు తన జంతువుల నిచ్చెను. ఏడాది తిరుగునప్పటికి జంతువులు 300కు మించినవి. తరువాత వానిని వేఱొక తోటకు తరలించిరి. చెన్నపట్టణము చూడబోయిన పల్లెవారు మ్యూజియమును చచ్చిన కాలేజి యనియు, జంతుశాలను బ్రతికిన కాలేజి యనియు చెప్పుకొనెడివారు. ఇంతకంటె చక్కని పేర్లు పండితులెవ్వరును పెట్టలేదు.

ఆ బ్రతికిన కాలేజికి 1942లో గండము వచ్చెను. జపానువారు పట్టణముపై బాంబులు వేయుదురని భయము పుట్టెను. బోనులు పగిలి క్రూరమృగములు వీధుల పడునేమోయని పులులను, సింహములను తుపాకులతో కాల్చి చంపిరి. పిల్లలు పేర్లుపెట్టి పిలుచు జంతువులను మనుష్యుల భయము బలిగొన్నది.

మన హైదరాబాదు సంగతి వేఱు. బాగె ఆమ్ తోటలోని జంతువులే మీరాలము చెఱువు ప్రక్క నెలకొల్పిన నెహ్రూ జంతుశాలకు బీజమైనవి. అది 1963 అక్టోబరు 6వ తేదీన జనులకు తెఱవబడెను.

ఇక చచ్చిన కాలేజికి వత్తము. ప్రాణహిత గోదావరిలో కలియు చోటికి సమీపమున, సిరోంచ ప్రాంతమందు, కోట అను గ్రామము కలదు. ఆ రాళ్లలో చేపల యచ్చులున్నవని 1851 నాటికే లోకమునకు తెలిసెను. నీరు లేని రాతిలో పొలుసులతోగూడ నిలిచిన చేపలవి. నా దృష్టిలో మన దేశపు మొదటి మత్స్యశాల యదియే. ఆ రాళ్ల వయస్సు సుమారు 18 కోట్ల సంవత్సరములు.

చేపలున్నచోట వాటి కాలపు పెద్దజంతువులును ఉండవలెను గదా. కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థవారు వెదకగా, 1958 మొదలు 1961 వఱకు, పోచంపల్లి యను గ్రామము చెంత ఎముకలు బయల్పడెను. ఇది పట్టుచీరల పోచంపల్లి కాదు. దాదాపు 300 ఎముకలు దొరకినవి. తక్కువలో తక్కువ ఆఱు జంతువులవి. తొడయెముక యొక్కటే మనిషి నిలువుపాటి పొడవు. ఎముకల నడుమ రాయిగా మాఱిన పెద్ద చెట్టుమ్రాకులును ఉండెను. అందుచే నొక మంద వఱదలో చిక్కి చచ్చియుండునని ఊహించిరి. గోదావరి వఱదలు చూచినవారి కా యూహ వింతగా తోచదు.

దానికి 1975లో బారపాసారసు టాగోరీ అని పేరుపెట్టిరి. బార పా యనగా వంగభాషలో పెద్దకాలు. 1961 రవీంద్రనాథ ఠాగూరు శతజయంతి సంవత్సరమగుటచే నాయన పేరు చేర్చిరి. మన గోదావరితీరపు జంతువునకు వంగనామము కలిగెను! ఇన్ని యెముకలలో తలయెముక మాత్రము లేదు; కొన్ని పండ్లు మాత్రమే చిక్కినవి. కలకత్తాలో దానిని నిలువబెట్టిన వారికి తల యూహించి చేయవలసి వచ్చెను.

1970-80 సంవత్సరముల నడుమ నింకొకటి దొరకెను. అప్పటి ఆదిలాబాదు జిల్లా యామనపల్లి యొద్ద భారత భూగర్భశాఖవారు 840 ఎముకముక్కలను త్రవ్వితీసిరి. అవి పండ్రెండు జంతువులకు తక్కువగాక చెందినవి. 1988లో యాదగిరిగారు దీనికి కోటసారసు యామనపల్లియెన్సిసు అని పేరిడిరి. ఈసారి ఊరి పేరు నిలిచినది. ఆ యెముకలను కూర్చి నిలిపిన యస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానశాలలో నున్నది. దాని మెడక్రింద నిలిచి పైకి చూచితిని. తల తిరిగినమాట దాచను.

పేరు పెట్టిన యా 1988లోనే మనకింకను దగ్గఱగా మఱియొక వార్త పుట్టెను. వికారాబాదు చెంతనున్న నస్కల్ గ్రామమున, రెండు నిప్పుపొరల నడుమ నిలిచిన పాతకాలపు మడుగుమట్టిని జల్లెడపట్టి, ప్రసాదు, సాహ్ని యను పండితులు సన్నపు పండ్లను కనుగొనిరి. అవి ఎలుకంత పాలిచ్చు జంతువువి. దానికి దక్కనోలెస్టెసు అని పేరిడిరి. నిప్పు పొంగి చల్లారి, దానిపై వాననీరు నిలిచి మడుగై, ఆ మడుగున నత్తలు పెరిగి, మరల నిప్పు పొంగినది. ఆ నడిమి విరామమున నీ చిన్నప్రాణి బ్రతికినది. నారాయణఖేడు నల్లరాయియు నా పొరల కుటుంబమే. బావిలో రెండు నల్లరాళ్ల నడుమ మెత్తని బూడిదవన్నె మట్టియు, అందులో నత్తగుల్ల లచ్చుపడిన పెళ్లలును తగిలినచో, దానిని కంకరతో కలిపి బాటకు పోయకముందు ఒకసారి కడిగి చూడుడు. యామనపల్లి ఎముకలును ఒకరు వంగి చూచినందుననే దొరకినవి.

రాక్షసబల్లులు పూర్తిగా పోయినవని యనుటయు సరికాదు. పక్షులు వాటి సంతతియని నేడు శాస్త్రజ్ఞు లంగీకరించిరి. మీ పెరటికోడి యా వంశముదే. ఇక మొసలి వాటికి దాయాది. వేటచే మొసళ్లు తగ్గిపోగా, 1975లో దేశమంతట వాటి రక్షణ కార్యము మొదలయ్యెను. అందు శిక్షణనిచ్చు సంస్థ హైదరాబాదుననే వెలసెను. 1978లో సంగారెడ్డి చెంత మంజీరానది కొంతభాగము వాటికి రక్షితస్థలమయ్యెను. చలికాలమున ఎండపొడ వచ్చినవేళ అక్కడి దీవులయొడ్డున నోరు తెఱచి పండుకొన్న మొసలిని చూడవచ్చును. నేను చూచినప్పుడు దాని వీపున నొక చిన్నపిట్ట వ్రాలియుండెను.