గనుల పట్టణములలో వసతుల నిర్వహణ

సింగరేణి చరిత్ర చెప్పబూనినవారందరును బొగ్గుతోనే ఆరంభింతురు. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడగు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనుట, 1889లో త్రవ్వకము మొదలగుట, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడుట, 1945లో నిజాము ప్రభుత్వము అందలి వాటాలలో హెచ్చుభాగమును కొనుట, ఇవి పలుమారులు విన్న సంగతులే. ఏ యేట ఎన్ని టన్నులు పైకి వచ్చినదియు లెక్కలు కలవు. అయితే ఆ బొగ్గును త్రవ్వినవాడు రాత్రి ఎచ్చట పండుకొనెను, అతని యింటికి నీరు ఎట్లు వచ్చెను, వీథిదీపము ఆరిపోయినచో ఎవరు బాగుచేసిరి అను ప్రశ్నలకు ఆ చరిత్రలలో చోటు స్వల్పము. మేము ఈ రెండవ చరిత్రను కొంత తడవదలచితిమి. ఆ పనికి నేడు విశ్వవిద్యాలయములలో ఒక పేరు, ఒక పాఠ్యక్రమము, ఒక పట్టము ఏర్పడియున్నవి. దానిని ఫెసిలిటీ మేనేజ్‌మెంటు అందురు. వసతుల నిర్వహణ యని మనము చెప్పుకొనవచ్చును.

బొగ్గు తానున్న చోటనే దొరకును గాని మనుష్యులున్న చోటికి రాదు. ఇల్లెందు గాని, 1920 దశకపు చివర గనులు తెరచిన బెల్లంపల్లి గాని అడవుల సరసన వెలసిన పట్టణములే. పనికి వచ్చిన కూలికి తలపై కప్పు, త్రాగ నీరు, జ్వరము వచ్చినచో మందు లేకున్న అతడు నిలువడు. కావున కంపెనీ ఇండ్లు కట్టవలసివచ్చినది. దీనిని ఉదారత యనుటకు మాకు మనసొప్పదు. గనికి పంపు ఎంత అవసరమో ఇల్లును అంతే అవసరమైనది. పిమ్మట శాసనములు వచ్చినవి. 1944లో ఆర్డినెన్సుగా మొదలై 1947లో చట్టమైన బొగ్గుగని కార్మికుల సంక్షేమనిధి, త్రాగునీరు, పారిశుద్ధ్యము, ప్రథమచికిత్స తప్పనిసరి చేసిన 1952 నాటి గనుల చట్టము అందు ముఖ్యములు.

ఇచ్చట ఒక వింత కలదు. బొగ్గు త్రవ్వు విద్యకు ధన్‌బాదులో 1926లోనే విద్యాలయము వెలసినది. గని మేనేజరు కాగోరువాడు పరీక్ష నెగ్గి ధ్రువపత్రము పొందనిదే ఆ కుర్చీలో కూర్చొనరాదు. ఓవర్‌మన్‌కు పరీక్ష, సర్దారుకు పరీక్ష. కాని వేలకొలది కుటుంబములు నివసించు కాలనీని నడుపువానికి ఏ పరీక్షయు లేదు. సివిల్ ఓవర్సీరు, మేస్త్రీ, ఫిట్టరు, లైన్‌మన్ కలిసి చేసినదే పని. ఏ వీథి క్రింద ఏ గొట్టము పోవుచున్నదో, ఏ వాల్వు ఎంత త్రిప్పిన చివరి వరుస ఇండ్లకు నీరెక్కునో వారికే ఎరుక. వారిలో ఒకడు రిటైరైనప్పుడు ఆ ఎరుకయు అతని వెంట పోయెడిది.

శ్రీరాంపూర్ ఈ గనుల పట్టణములలో ఇల్లెందుకు, బెల్లంపల్లికి చాల చిన్నది, వయస్సుచేత. మంచిర్యాల పొరుగున, గోదావరికి దాపున నున్నది. 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిది, ఇప్పుడు మంచిర్యాల జిల్లాలోనిది. ఆర్.కె., ఎస్.ఆర్.పి. అను పొడి అక్షరములకు అంకెలు చేర్చి ఇచ్చటి గనులను పిలుతురు. గోదావరి దాపుననే పారుచున్నను నీరు తనంత తాను కుళాయివరకు నడచిరాదు. దానిని తోడవలెను, వడపోయవలెను, ట్యాంకున కెక్కించవలెను, వేళకు వదలవలెను. ఆ వేళ యన్నదే కష్టము. గనులలో పని మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవాడు పగలు నిద్రించును. వేసవి మధ్యాహ్నమున కరెంటు పోయినచో, పంకా ఆగినచో, అతని నిద్ర చెడును. నిద్ర చెడినవాడే ఆ రాత్రి మరల భూమి లోపల కప్పు క్రింద నిలిచి పనిచేయును. కాలనీలోని తీగ తెగుటకును గనిలోని ప్రమాదమునకును నడుమ దూరము మనము తలచునంత ఎక్కువ కాదు.

అంతకన్న, గనియే ఒక పెద్ద ఇల్లు. ఆ ప్రాంతమువారు దానిని బాయి యందురు. అందులో కిటికీ లేదు గనుక గాలిని ఫ్యాను లాగవలెను. లాగనిచో మీథేను వాయువు పేరుకొనును. నేల నుండి ఊరు నీటిని పంపులు రేయింబవళ్ళు తోడవలెను. పైకప్పును ఆనికలతో, బోల్టులతో నిలుపవలెను. ల్యాంపు రూములో ప్రతి దీపమునకు ఒక సంఖ్య. షిఫ్టు ముగిసిన తరువాత తిరిగి రాని దీపము తిరిగి రాని మనిషిని తెలుపును. 2011 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో సకలజనుల సమ్మెయందు సింగరేణి కార్మికులు పాల్గొని పని మానిరి. అట్టి దినములలోను నీరు ఊరుట మానదు. కావుననే సమ్మెల నుండి పంపుల, ఫ్యానుల సిబ్బందిని మినహాయించుట బొగ్గుగనులలో పరిపాటి. బొగ్గు తీయుట ఆపవచ్చును గాని గనిని కాపాడుట ఆపరాదు.

ఇట్టి పని యంతయు ఒక శాస్త్రమని గుర్తించినది మాత్రము గనులవారు కారు. అమెరికాలో కార్యాలయపు బల్లలు, కుర్చీలు చేయు హెర్మన్ మిల్లర్ సంస్థ 1979లో మిచిగన్ రాష్ట్రమందలి ఆన్ ఆర్బరులో ఇందుకొక విద్యాసంస్థను నెలకొల్పినది. మరుసటి సంవత్సరమే ఈ వృత్తివారి సంఘ మేర్పడి, 1982లో అంతర్జాతీయ సంఘమైనది. 2018లో ఈ వృత్తికి ఐఎస్‌ఓ 41001 అను అంతర్జాతీయ ప్రమాణమును వెలువరించిరి. కుర్చీలమ్మువారికి తట్టిన సంగతి ఎనుబది తొంబది యేండ్లుగా ఊళ్ళకు ఊళ్ళే నడుపుచున్న గనులవారికి తట్టకపోవుట మాకు నవ్వు పుట్టించును. హైదరాబాదులో ఈ వృత్తికి గిరాకి పెరిగినది 1998లో సైబర్ టవర్స్ తెరచిన పిమ్మట. రాత్రింబవళ్ళు పనిచేయు అద్దాల మేడలలో చల్లదనము, విద్యుత్తు, లిఫ్టులు, అగ్నిరక్షణ ఒక్క గంటయు తప్పరాదు గదా.

ఈ విద్యలో నేర్పునదేమన, కట్టడము కట్టుటకైన ఖర్చుకన్న అది నిలిచియున్నన్నాళ్ళు దానికగు ఖర్చు అధికమని లెక్కవేయుట. యంత్రము చెడిన పిమ్మట గాక చెడకమునుపే బాగుచేయు పట్టిక వ్రాయుట. నీరు, విద్యుత్తు, చెత్త, ఒప్పందములు, భద్రత, స్థలవినియోగము తక్కిన అధ్యాయములు. మన ప్రాంతమున దీనినే పట్టముగా చదువుట ఇంకను అరుదు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టము పొంది పిదప ఈ శాఖకు వచ్చువారే హెచ్చు.

శ్రీరాంపూర్ యువకునకు ఇది ఏల పట్టవలెను? 1990 ప్రాంతమున సింగరేణిలో లక్షకు మించి పనివారుండిరి. నేడు ఇంచుమించు 40 వేలు. తండ్రి కొలువు కొడుకునకు వచ్చు పద్ధతిని పునరుద్ధరింప జూచిన యత్నమును 2017లో ఉన్నతన్యాయస్థానము త్రోసిపుచ్చినది. ఆ పిమ్మట వైద్యకారణములపై కారుణ్య నియామకములే మిగిలినవి. తాత తట్ట మోసిన బాయి మనుమని కొరకు వేచియుండదు. అతడు హైదరాబాదు పోయి మేడలను చూచుకొన్నచో అది కొత్త పని కాదు, తాతలనాటి కాలనీ పనియే, జీతము మాత్రము మెరుగు. మరియు బెల్లంపల్లిలో పలు పాత గనులు మూతపడినవి. ఇండ్లు, గొట్టములు, ట్యాంకులు వెంటనే మూతపడవు. వానిని ఎవరికప్పగింపవలెను, ఎన్నింటిని నిలుపవలెను, ఎన్నింటిని కూల్చవలెను అని తేల్చుట ఈ విద్యలోని కఠినమైన అధ్యాయము. అది శ్రీరాంపూర్ వంతు వచ్చునాటికి, అచ్చట పుట్టి ఈ విద్య చదివినవాడొకడు లెక్కపుస్తకము ముందు కూర్చుండుట మేలని మా అభిప్రాయము.

అట్లు కూర్చున్నవానికి ఒక పద్దు ఇబ్బంది పెట్టక తప్పదు. ఊడ్చుట, ఆసుపత్రి సేవ, వాహనములు నడుపుట, సివిల్ పనులు ఇప్పుడు పలుచోట్ల కాంట్రాక్టు కార్మికులవి. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు వేతనముల కొరకు సమ్మె చేసిరి. పాఠ్యపుస్తకములలో వారి జీతము నిర్వహణవ్యయమను శీర్షిక క్రింద వచ్చును. తగ్గించుటకు వీలున్న ఖర్చులలో దానినే మొదట వ్రాయుట వాడుక.