ఒక వరద, ఒక జీవో, ఒక సైకిలు దారి

పోయిన చలికాలం ఒక ఆదివారం, ఇంకా తెల్లారకముందే నార్సింగి దగ్గర సైకిలెక్కాను. పక్కన మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. పదో క్లాసు తర్వాత మళ్ళీ సైకిలు ముట్టుకోలేదట. "అన్నా, పడితే నవ్వొద్దు," అన్నాడు. పడలేదు. తలపైన సోలార్ పలకల కప్పు, కింద గుంతలేని దారి, కార్లు రాకుండా కంచె. అక్కడ పడాలంటే కాస్త కష్టపడాలి.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న ఈ దారి 2023 అక్టోబర్ 1న మొదలైంది. మొత్తం సుమారు 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకో ముక్క. పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో ఇలాంటిది చూసి కట్టారు. కొత్తవాళ్ళకి ఇంతకన్నా మంచి చోటు ఈ ఊళ్ళో నాకు తెలియదు.

అయితే కాస్త కాళ్ళు అలవాటయ్యాక ఎవరైనా కప్పు కిందనుంచి బయటికి రావాలనుకుంటారు. అప్పుడు గండిపేట రోడ్డు. ఇంకా బలం ఉంటే మొయినాబాద్ దాటి చేవెళ్ళ మర్రిచెట్ల కింద. ఊపిరి మీద నమ్మకం ఉన్నవాళ్ళకి వికారాబాద్ అవతల అనంతగిరి ఎక్కుడు. ఇలా తిరిగేటప్పుడే నాకో సందేహం వచ్చింది. కోకాపేటలో నలభై అంతస్తుల టవర్లు లేచాయి కదా, అక్కణ్ణుంచి కొద్ది దూరంలోనే చెరువూ, పొలాలూ, కొంగలూ ఎలా మిగిలాయి?

జవాబు 1908లో ఉంది. ఆ సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ని ముంచేసింది. వేలమంది చనిపోయారు. మళ్ళీ అలా జరక్కుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నీళ్ళను ఊరికి ఎగువనే ఆపాలన్నాడాయన. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరదని ఆపడానికి కట్టినవి ఊరికి తాగునీళ్ళూ ఇచ్చాయి.

ఆ నీళ్ళను కాపాడటానికి 1996 మార్చి 8న 111వ జీవో వచ్చింది. రెండు చెరువుల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 ఊళ్ళలో, కాలుష్యం తెచ్చే పరిశ్రమలూ పెద్ద హోటళ్ళూ కాలనీలూ కట్టకూడదు. సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998 నవంబర్‌లో. అంటే మాలాంటివాళ్ళం బ్యాగులు తగిలించుకుని ఈ ఊళ్ళో దిగడానికి ముందే, మా ఆదివారాలకి ఎవరో కంచె వేసి పెట్టారు. మాదాపూర్ రాళ్ళకి అలాంటి కాగితమేదీ లేదు. అవి ఏమయ్యాయో రోజూ ఆఫీసు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

2022 ఏప్రిల్‌లో 69వ జీవో ఆ ఆంక్షల్ని సడలించింది. అదే ఏడు సెప్టెంబర్‌లో సోలార్ సైకిలు దారికి శంకుస్థాపన జరిగింది. ఈ రెండు తేదీల్నీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు కొంచెం నవ్వొచ్చింది, కొంచెం భయమేసింది.

ఇక్కడ నా తరఫున మాత్రమే మాట్లాడితే తప్పవుతుంది. మా ఊళ్ళో నేను సైకిలు నేర్చుకున్నది నాన్న సైకిలు మీద. సీటందక, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి కైంచీ తొక్కాను. నాన్నకి అది ఆటవస్తువు కాదు, పొద్దున్నే పొలానికి, సాయంత్రం కచ్చీరుకి పోయే బండి. ఆ 84 ఊళ్ళలోనూ నాన్నలాంటి రైతులున్నారు. పక్క ఊరి ఎకరం కోట్లు పలుకుతుంటే తమది ఎందుకు ఆగిపోవాలని పాతికేళ్ళు అడిగారు. నేను గాలి పీల్చుకోవడానికి వాళ్ళు పిల్ల పెళ్ళి వాయిదా వేసుకోవాలా? నీళ్ళు ఊరంతటివైతే, వాటిని కాపాడే ఖర్చు కూడా ఊరంతా పంచుకోవాలి. ఆ లెక్క ఎవరూ తేల్చలేదు. జీవో మాత్రం వచ్చింది, సడలింది.

ఆ రోజు తిరిగొచ్చేటప్పుడు కంచె అవతల సర్వీసు రోడ్డు మీద ఒకాయన ఎదురొచ్చాడు. సెక్యూరిటీ యూనిఫామ్, గేర్లు లేని నల్ల సైకిలు, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా. నైటు డ్యూటీ దిగి గదికి పోతున్నట్టున్నాడు. మా దారి ఆయన పోయే వైపు పోదు. మాకు కప్పుంది. ఆయనకి లారీలున్నాయి. ఈ కారిడార్‌లో సైకిలు తొక్కడం బాగా వచ్చినవాడు ఆయనే అనిపించింది.

మా కుర్రాడు నీళ్ళు తాగుతూ, "వచ్చే వారం గండిపేట పోదామా అన్నా?" అన్నాడు. పోదామన్నాను. ఆ తర్వాత చేవెళ్ళ, ఆ తర్వాత అనంతగిరి. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. వాడు అక్కడిదాకా తొక్కే నాటికి దారిలో ఇంకా ఏం మిగిలి ఉంటుందో చూడాలి.