యాత్రాపటంలో లేని శాసనాలు: హనుమకొండ గుట్టల చారిత్రక ప్రాధాన్యం

ప్రస్తావన

హనుమకొండకు వచ్చే యాత్రికుల దారి దాదాపు నిర్ణయమై ఉంటుంది. వేయి స్తంభాల గుడి, భద్రకాళి ఆలయం, ఓరుగల్లు కోటలోని కీర్తితోరణాలు చూసి, వీలుంటే రామప్ప గుడికి వెళ్తారు. 2021లో రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తరువాత ఈ దారికి ప్రఖ్యాతి మరింత పెరిగింది. ఈ కట్టడాల ఔన్నత్యం నిర్వివాదాంశం. అయితే ఇవన్నీ కాకతీయులు స్వతంత్రులైన దశనూ ఆ తరువాతి వైభవాన్నీ చెప్పే స్థలాలు. ఆ స్వాతంత్ర్యానికి ముందు అనుమకొండ ఎవరిది, కాకతీయులు ఎవరికి సామంతులు, ఈ ఊళ్లో ఏ మతాలు, ఏ భాషలు చెల్లుబాటులో ఉన్నాయి అన్న ప్రశ్నలకు సమాధానాలు వేరే చోట్ల ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి ఊరి నడుమా ఊరి చుట్టూ ఉన్న గుట్టల మీద, చెరువు గట్ల మీద, దర్గా పరిసరాల్లో కనిపిస్తాయి.

ఇటువంటి స్థలాలను పర్యాటక రచనల్లో ‘అంతగా తెలియని స్థలాలు’ అనడం పరిపాటి. ఎవరికి తెలియనివి అన్న ప్రశ్న వేసుకుంటే ఆ మాట నిలవదు. పద్మాక్షి గుట్ట ఇందుకు ఉదాహరణ. ఏటా బతుకమ్మ పండుగకు గుట్ట కింది గుండం దగ్గర ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో చేరతారు. ఆ స్థలం హనుమకొండ ప్రజలకు కొత్తది కాదు. వారి నిత్యజీవితంలో భాగమైన ఆ గుట్ట మీది శాసనం ఏమి చెబుతున్నదో మాత్రం పండితలోకం దాటి బయటకు రాలేదు. కనుక ఇక్కడి లోటు సందర్శకులది కాదు, పఠనానిది. ఈ వ్యాసం ఆ లోటు వల్ల చరిత్రబోధలో కలిగిన వెలితిని పద్మాక్షి గుట్ట శాసనం ఆధారంగా పరిశీలిస్తుంది.

పద్మాక్షి గుట్ట శాసనం

గుట్ట మీది గుడి ముందు నాలుగు పలకల నల్లరాతి స్తంభం ఉన్నది. దాని మీద తీర్థంకర ప్రతిమలూ, కన్నడ భాషలో శాసనమూ చెక్కి ఉన్నాయి. ఇది చాళుక్య విక్రమ శకం 42వ సంవత్సరానికి, అనగా క్రీ.శ. 1117కు చెందినది. కాకతి రెండవ ప్రోలుని మంత్రి బేతన భార్య మైలమ ఇక్కడ కడలాలయ బసది అనే జైన ఆలయాన్ని నిర్మింపజేసి భూదానం చేసినట్లు శాసనం చెబుతున్నది. నేడు పద్మాక్షిగా పూజలందుకొంటున్న దేవతను జైన పద్మావతీ దేవికి తరువాతి రూపంగా చరిత్రకారులు భావిస్తారు. గుడిలోని పార్శ్వనాథ శిల్పం ఆ భావనకు బలం చేకూరుస్తుంది.

దానవివరాల కంటె ఈ శాసనంలోని వంశప్రశంస ఎక్కువ విలువైనది. మైలమ మామ వైజ దండాధిపుడు కాకతి బేతరాజుకు మంత్రి. ఆయన తన ప్రభువుకు చాళుక్య చక్రవర్తి పాదదర్శనం చేయించి సబ్బి వేయి నాడుకు అధిపతి అయ్యేట్లు చేశాడని శాసనం ఘనంగా చెప్పుకొన్నది. మంత్రికుటుంబం తన గొప్పను తాను చెప్పుకొంటున్న సందర్భం గనుక ఇందులో అతిశయం ఉండవచ్చు. అయినా అందులోని రాజకీయ సారం స్పష్టం. కాకతీయుల తొలి ఎదుగుదల కల్యాణి చాళుక్య ప్రభువుల అనుగ్రహం మీద, ఆ అనుగ్రహాన్ని సంపాదించగల మంత్రుల నేర్పు మీద ఆధారపడి ఉన్నది. రాజు శాసనంలో ఇటువంటి విషయానికి చోటు దొరకడం అరుదు. మంత్రి ఇంటి ఆడపడుచు కాదు, కోడలు వేయించిన శాసనం గనుక అత్తింటి సేవాగౌరవం ఇందులో నమోదైంది.

రెండు శాసనాలు, రెండు చరిత్రలు

ఇదే ఊళ్లో వేయి స్తంభాల గుడి దగ్గర ఉన్న రుద్రదేవుని శాసనాన్ని దీనితో పోల్చి చూడాలి. అది శక సంవత్సరం 1084కు, అనగా క్రీ.శ. 1163 జనవరి 19కి చెందినది. భాష సంస్కృతం. రచయిత అచింతేంద్రుడు. రుద్రేశ్వరునికి, వాసుదేవునికి, సూర్యునికి త్రికూటాలయం నిర్మించిన సందర్భంగా ఈ శాసనం వెలసింది. తండ్రి ప్రోలుడు చాళుక్య తైలపుని బంధించి విడిచిపెట్టిన వృత్తాంతాన్నీ, దొమ్మరాజు, మేడరాజు, మైలిగి వంటివారి మీద రుద్రదేవుని విజయాలనూ ఇది వర్ణిస్తుంది. కాకతీయుల స్వాతంత్ర్య ప్రకటనగా చరిత్రకారులు దీన్ని పరిగణిస్తారు.

రెంటి మధ్య వ్యవధి 46 సంవత్సరాలు. 1117లో చక్రవర్తి పాదదర్శనం గౌరవచిహ్నం. 1163 నాటికి ఆ చక్రవర్తినే బంధించి విడిచిన కథ గౌరవచిహ్నమైంది. మొదటిది కన్నడంలో ఉన్నది, రెండవది సంస్కృతంలో ఉన్నది. మొదటిదాని దాత మంత్రి భార్య, రెండవదానికి రాజే కర్త. మొదటిది జైన బసదికి, రెండవది త్రికూటాలయానికి సంబంధించినవి. రెండవ శాసనం ఎంతటి మార్పును ప్రకటిస్తున్నదో మొదటి శాసనం చదివితేనే తెలుస్తుంది. వేయి స్తంభాల గుడి మాత్రమే చూసి వెళ్లినవారికి ఆ ప్రకటనలోని తెగువ సగమే అందుతుంది.

మాధవవర్మ స్మృతి

పద్మాక్షి శాసనంలో మరొక దాత పేరు ఉన్నది. ఉగ్రవాడి ప్రభువైన మహామండలేశ్వరుడు మేళరసు కూడా ఈ బసదికి భూమి ఇచ్చాడు. అతడు తనను వేల ఏనుగులు, కోట్ల గుర్రాలు గల మాధవవర్మ వంశీయునిగా చెప్పుకొన్నాడు. సాహిత్య పరిశోధకులకు ఈ అంశం ప్రత్యేకంగా ఆసక్తికరం. కాసె సర్వప్ప ద్విపదలో రచించిన సిద్ధేశ్వర చరిత్రలో మాధవవర్మ కాకతీయ వంశానికి మూలపురుషుడు. పద్మాక్షి దేవి అనుగ్రహం వల్ల అపారమైన గజాశ్వబలానికి అధిపతి అయిన రాజుగా ఆ కావ్యం అతణ్ని చిత్రించింది.

శాసనంలో మాధవవర్మ కాకతీయుల పూర్వీకుడు కాడు, పొరుగు ప్రభువు పూర్వీకుడు. కావ్యం నాటికి ఆ పేరు, ఆ సేనాసంపద, ఆ గుట్ట మీది దేవత ముగ్గురూ కాకతీయ వంశకథలో కలిసిపోయారు. ఒక వంశం స్మృతి మరొక వంశానికి ఎట్లా సంక్రమిస్తుందో చూపే ఆధారం ఇది. జైన దేవత శాక్తదేవతగా మారిన స్థలంలోనే ఒక ప్రభువంశపు కథ మరొక రాజవంశపు కథగా మారడం గమనింపదగినది. సిద్ధేశ్వర చరిత్రను కల్పన అని తోసిపుచ్చడమూ, యథాతథంగా చరిత్ర అని స్వీకరించడమూ రెండూ సరికావు. ఆ కల్పనకు ముడిసరుకు ఎక్కడిదో ఈ స్తంభం చెబుతున్నది.

పరిసర స్థలాల సాక్ష్యం

పద్మాక్షి శాసనం చెప్పిన చరిత్ర ఒంటరిది కాదు. కాజీపేట దర్గా శాసనం 11వ శతాబ్ది చివరి స్థితిని తెలుపుతుంది. రెండవ బేతరాజు, అతని కుమారుడు దుర్గరాజు కాలాముఖ శైవాచార్యుడైన రామేశ్వర పండితునికి అనుమకొండలో చేసిన దానం అందులో ఉన్నది. ఆ శాసనానికి, మైలమ బసదికి మధ్య రెండు మూడు దశాబ్దాలకు మించి ఎడం లేదు. రాజకుటుంబం శైవాచార్యులను ఆదరిస్తున్న కాలంలోనే మంత్రికుటుంబం బసది కట్టించింది. జైన శైవాల మధ్య సంఘర్షణనే ప్రధానంగా చెప్పే తరువాతి కథలను ఈ సహజీవన సాక్ష్యం పక్కన ఉంచి చదవవలసి ఉంటుంది. కాలాముఖుల దానశాసనానికి నేడు ఒక దర్గా పేరు గుర్తుగా నిలవడం ఈ ప్రాంతచరిత్ర పొరలను మరింత స్పష్టం చేస్తుంది.

అగ్గలయ్య గుట్ట మీది బండకు చెక్కిన భారీ తీర్థంకర శిల్పాలు జైనం ఇక్కడ ఒక్క బసదికి పరిమితం కాలేదని చూపుతాయి. చాళుక్య జయసింహుని కాలపు సైదాపురం శాసనంలో, అనగా 1034 నాటికి, వైద్యరత్నాకర బిరుదాంకితుడైన అగ్గలయ్య అనే జైన వైద్యుడు కనిపిస్తాడు. శస్త్రవైద్యంలో అతని నైపుణ్యాన్ని ఆ శాసనం కొనియాడింది. గుట్ట పేరును ఆ వైద్యునితో జోడించే సంప్రదాయం ఉన్నది. పేరు పోలికను మించిన ఆధారం లభించేదాకా దాన్ని సంభావ్యతగానే గ్రహించడం ఉచితం.

మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు శాసనం మరొక కోణాన్ని అందిస్తుంది. గణపతిదేవుని సోదరి మైలాంబ ధర్మకీర్తి సముద్రం అనే చెరువు తవ్వించి వేయించిన ఈ శాసనం వెన్నరాజు మొదలుకొని కాకతీయుల వంశక్రమాన్ని చెబుతుంది. కాకతీయుల పూర్వీకుల పేర్లు చరిత్రకారులకు దొరికినది కోటలోనో రాజాలయంలోనో కాదు, ఒక స్త్రీ కట్టించిన చెరువు గట్టు మీద. బసది కట్టించిన మైలమ, చెరువు తవ్వించిన మైలాంబ ఇద్దరి శాసనాలూ తీసివేస్తే కాకతీయుల ప్రారంభదశ గురించి మనకు తెలిసినది గణనీయంగా తగ్గిపోతుంది.

తెలుగు శాఖల దృష్టిలో ఇంకా ముఖ్యమైనది కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట. వేములవాడ చాళుక్యుల కాలంలో, 10వ శతాబ్దిలో, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు ఆ కొండ మీద జిన ప్రతిమలనూ చక్రేశ్వరినీ చెక్కించి, సంస్కృత కన్నడ తెలుగు భాషల్లో శాసనం వేయించాడు. అందులోని మూడు తెలుగు కంద పద్యాలు నన్నయకు సుమారు ఒక శతాబ్దం ముందటివి. త్రిభువనతిలక బసది, కవితాగుణార్ణవ తటాకం, మదనవిలాస వనం నిర్మించినట్లు కూడా శాసనం చెబుతున్నది. పద్యచరిత్ర పాఠంలో ఈ కందాలను ప్రతి విద్యార్థీ పేర్కొంటాడు. ఆ కొండ ఎక్కి ఆ అక్షరాలను చూసినవారు అరుదు.

పఠనం, పరిరక్షణ

ప్రసిద్ధ స్థలానికి అర్థం చెప్పే సాక్ష్యం మరుగున ఉన్న స్థలంలో దొరకడం ఇతర దేశాల్లోనూ ఉన్నదే. ఇరాన్‌లో పర్సెపోలిస్ శిథిలాల కోసం యాత్రికులు వెళ్తారు. క్యూనిఫాం లిపిలోని బాబిలోనియా భాషను చదవడానికి ప్రధానాధారమైనది మాత్రం బెహిస్తూన్ కొండ మీద మొదటి డేరియస్ వేయించిన త్రిభాషా శాసనం. 19వ శతాబ్దిలో రాలిన్సన్ ఆ కొండబండ ఎక్కి దాన్ని నకలు చేసుకొన్నాడు. పర్సెపోలిస్ 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరగా, బెహిస్తూన్ 2006లో చేరింది. కట్టడానికి దక్కిన గుర్తింపు అక్షరానికి దక్కడానికి 27 ఏళ్లు పట్టింది.

హనుమకొండ గుట్టల విషయంలో ఆలస్యానికి నష్టం ఎక్కువ. కట్టడం కూలితే రాళ్లను మళ్లీ పేర్చవచ్చు. వేయి స్తంభాల గుడి కల్యాణమండపాన్ని విప్పి తిరిగి నిర్మించిన అనుభవం ఈ ఊరికే ఉన్నది. కొండబండ మీద చెక్కిన శిల్పానికీ శాసనానికీ ఆ అవకాశం లేదు. బండ పగిలితే అక్షరం పోతుంది. గ్రానైటు తవ్వకాలకు పేరుపొందిన ప్రాంతంలో ఇది ఊహాజనితమైన భయం కాదు. పూజలందుకొనే స్థలాల్లో రంగులు, సున్నం, నూనె పొరలు కూడా అక్షరాలను క్రమంగా మూసివేస్తాయి. ఇందులో భక్తుల దోషం లేదు. అక్కడ ఏమున్నదో వారికి చెప్పకపోవడమే అసలు దోషం.

ముగింపు

పద్మాక్షి గుట్ట వేయి స్తంభాల గుడికి అనుబంధ స్థలం కాదు, ఆ గుడి చరిత్రకు పూర్వభాగం. సామంతదశ లేని స్వాతంత్ర్యం, బసది లేని శైవవైభవం, స్త్రీల దానాలు లేని వంశచరిత్ర అసంపూర్ణాలు. ఈ స్థలాలకు కొత్తగా యాత్రికులను రప్పించడం కంటె ముందు చేయవలసిన పని ఒకటున్నది. ప్రతి శాసనం పాఠాన్ని సరళమైన తెలుగు తాత్పర్యంతో ఆయా స్థలాల్లోనే అందుబాటులో ఉంచాలి. శాసనపాఠం మూలభాషలో, సంపుటాల్లో ఉన్నంతకాలం అది పరిశోధకుల సొత్తుగానే మిగులుతుంది. దాన్ని తెలుగులో వివరించి చెప్పే బాధ్యత ప్రధానంగా తెలుగు శాఖలది. తొమ్మిది వందల ఏళ్ల కింద ఒక స్త్రీ తన పేరు చెక్కించిన స్తంభం అది. బతుకమ్మతో ఆ గుట్టకు వచ్చే ఆడవాళ్లు ఆ పేరును తమ భాషలో చదువుకోగలిగిన రోజున ఆ శాసనం మళ్లీ ప్రజలదవుతుంది.