క్యూబ్‌కంట్రోల్ పూర్వాపరాలు

కుబెర్నెటీస్ క్లస్టర్‌తో మాట్లాడే కమాండ్‌కు రాతలో పేరు ఒకటే, నోట్లో మాత్రం మూడు. కొందరు క్యూబ్‌కంట్రోల్ అంటారు, కొందరు క్యూబ్‌కటిల్ అంటారు, అక్షరాలు విడదీసి క్యూబ్-సీటీఎల్ అనేవాళ్లూ ఉన్నారు. కటిల్ పక్షం ఎంత బలమైనదంటే, ఈ కమాండ్ బాగోగులు చూసే బృందం కటిల్‌ఫిష్ అనే సముద్రజీవినే తన గుర్తుగా పెట్టుకుంది. చివరనున్న సీటీఎల్ మాత్రం కొత్తదేమీ కాదు. యూనిక్స్ లోకంలో దేన్నైనా అదుపులో పెట్టే పనిముట్టుకు ఆ తోక తగిలించడం పాత అలవాటు. కెర్నెల్ సెట్టింగులకు సిస్‌సీటీఎల్, అపాచీ వెబ్ సర్వర్‌కు అపాచీసీటీఎల్, లినక్స్ సర్వీసులకు సిస్టమ్‌సీటీఎల్ అలా వచ్చినవే.

కుబెర్నెటీస్ నడిపే కంటైనర్ల వెనకున్న, ఒక ప్రోగ్రాము చుట్టూ గోడ కట్టి దాన్ని మిగతా యంత్రం నుంచి విడదీయాలన్న ఆలోచన అంతకన్నా పాతది. 1979 నాటి యూనిక్స్‌లో సీహెచ్‌రూట్, 2000లో ఫ్రీబీఎస్‌డీ జైళ్లు ఆ దారిలో మెట్లు. ప్రాసెస్‌లకు ప్రాసెసర్, మెమరీ కొలిచి పంచే సీగ్రూప్స్‌ను గూగుల్ ఇంజనీర్లు 2006లో మొదలుపెట్టారు. 2008 జనవరిలో అది లినక్స్ కెర్నెల్‌లో చేరింది. 2013 మార్చిలో అమెరికాలోని శాంటాక్లారాలో జరిగిన పైకాన్‌లో సాలమన్ హైక్స్ ఐదు నిమిషాల ప్రసంగంతో డాకర్‌ను బయటపెట్టాడు. నిపుణులు కుస్తీ పట్టే కంటైనర్, ‘డాకర్ రన్’ అని కొడితే లేచి నిలబడేదయింది.

కానీ ఆ సుఖం ఒక్క యంత్రం వరకే. యంత్రాలు వందయితే ఏ కంటైనర్ ఎక్కడ నడవాలి, ఒక యంత్రం పడిపోతే దాని మీదున్నవాటిని ఎవరు లేపాలి? కోర్‌ఓఎస్ వాళ్లు ఫ్లీట్‌సీటీఎల్ తెచ్చారు, ఇంకొందరు మెసోస్ పట్టుకున్నారు. గూగుల్‌కు మాత్రం ఈ బాధ పదేళ్ల పాతది. ఆ కంపెనీ లోపల 2003 ప్రాంతం నుంచి బోర్గ్ అనే వ్యవస్థ నడుస్తోంది. ఏ పని ఎన్ని నకళ్లుగా నడవాలో ఇంజనీర్లు ఒక ఫైల్లో రాసి, బోర్గ్‌సీఎఫ్‌జీ అనే కమాండ్‌తో దానికి అప్పగించేవాళ్లు.

ఆ అనుభవంతోనే జో బీడా, బ్రెండన్ బర్న్స్, క్రెయిగ్ మెక్‌లకీ మొదలుపెట్టిన కుబెర్నెటీస్ 2014 జూన్‌లో బయటికొచ్చింది. గ్రీకులో ఆ మాటకు ఓడ నడిపేవాడని అర్థం. గోదావరి లాంచీల మీద చక్రం పట్టే మనిషిని సరంగు అంటారు, ఈ పేరుకు తెలుగులో అది దగ్గరి మాట. కొత్త వ్యవస్థతో పాటు వచ్చిన కమాండ్ పేరు క్యూబ్‌సీఎఫ్‌జీ. బోర్గ్‌సీఎఫ్‌జీ వాసన పేరులోనే కొడుతుంది. అది మొరటు పనిముట్టు, ఎక్కువకాలం నిలవలేదు. ఆ ఏడాది చివర్లోనే దాని చోటికి క్యూబ్‌కంట్రోల్ వచ్చింది. ముందు ఏం చేయాలో (గెట్, డిస్క్రైబ్, డిలీట్), తర్వాత దేన్ని చేయాలో చెప్పే వరస అప్పుడు కుదిరింది. 2015 జులై 21న కుబెర్నెటీస్ 1.0 విడుదలయ్యేనాటికి వాడేవాళ్ల వేళ్లకు అది అలవాటైపోయింది.

ఈ పనిలో ఉన్నవాళ్లు రోజుకు ఎన్నిసార్లు కొడతారో లెక్కలేని కమాండ్ ‘క్యూబ్‌కంట్రోల్ గెట్ పాడ్స్’. కలిసి నడిచే కంటైనర్ల గుంపు పాడ్. ఇంగ్లీషులో తిమింగలాల గుంపునూ అలాగే అంటారు, డాకర్ గుర్తు తిమింగలమే కదా. ఎంటర్ నొక్కగానే ఐదు నిలువు వరసల పట్టిక వస్తుంది: పేరు, రెడీ, స్టేటస్, రీస్టార్ట్స్, ఏజ్. స్టేటస్ కింద ‘రన్నింగ్’ అని ఉంటే నిశ్చింత. ‘క్రాష్‌లూప్‌బ్యాక్‌ఆఫ్’ అని ఉంటే ఆ పూట భోజనం ఆలస్యమైనట్టే. లేచిన కంటైనర్ లేచినట్టే పడిపోతోందని దానర్థం. క్లస్టర్ దాన్ని పది సెకన్లు ఆగి మళ్లీ లేపుతుంది, తర్వాత ఇరవై, నలభై, అలా పెంచుకుంటూ పోయి ఐదు నిమిషాల దగ్గర ఆగుతుంది. కారణం వెతకడానికి ‘లాగ్స్’, ‘డిస్క్రైబ్’ కమాండ్లు.

ఇంత చేసినా క్యూబ్‌కంట్రోల్ నిజానికి వార్తాహరుడే. ఇంజనీరు రాసిన యామల్ ఫైలును జేసన్‌గా మార్చి క్లస్టర్‌లోని ఏపీఐ సర్వర్‌కు పంపడం, వచ్చిన జవాబును తెర మీద పరచడం దాని పని. మొదట్లో అది తన స్థాయికి మించిన పెద్దరికం వెలగబెట్టేది. అప్లికేషన్ పాత వెర్షన్ తీసి కొత్తది పెట్టే ‘రోలింగ్-అప్‌డేట్’ కమాండ్ అందుకు మంచి ఉదాహరణ. ఒక్కో పాత పాడ్‌ను దించి ఒక్కో కొత్తదాన్ని ఎక్కించే తతంగమంతా ఇంజనీరు ల్యాప్‌టాప్ మీదే నడిచేది. మధ్యలో నెట్ పోయిందో, ల్యాప్‌టాప్ మూతపడిందో, క్లస్టర్‌లో సగం పాతవీ సగం కొత్తవీ మిగిలేవి. 2016 మార్చిలో 1.2 వెర్షన్‌తో పాటు ప్రాచుర్యంలోకి వచ్చిన డిప్లాయ్‌మెంట్ ఆ బాధ్యతను క్లస్టర్ లోపలికి తీసుకుపోయింది. ఏది ఎలా ఉండాలో ఇంజనీరు చెప్పి వెళ్లిపోవచ్చు, మిగతాది కంట్రోలర్ చూసుకుంటుంది. పాత కమాండ్‌ను 1.18లో తీసేశారు. అడిగిందల్లా తయారుచేసిపెట్టే ‘రన్’ కమాండ్‌కు కూడా అదే వెర్షన్‌లో కత్తెర పడింది, ఇప్పుడది ఒక పాడ్‌ను మాత్రమే పుట్టిస్తుంది.

‘అప్లై’ కథా అంతే. ‘క్రియేట్’ ఉన్నదాన్ని మళ్లీ సృష్టించమంటే గొడవ చేస్తుంది. ‘అప్లై’ లేకపోతే సృష్టిస్తుంది, ఉంటే తేడాను మాత్రమే సరిచేస్తుంది. ఆ తేడా పట్టడానికి మూడింటిని పక్కపక్కన పెట్టి చూడాలి: చేతిలోని ఫైలు, క్లస్టర్‌లోని ప్రస్తుత స్థితి, క్రితంసారి పంపిన ఫైలు. మూడోదాన్ని ఒక చీటీలా ఆ వస్తువుకే అంటించి ఉంచేవాళ్లు. ఒకే వస్తువును ఇద్దరు మార్చినప్పుడు ఈ లెక్క తప్పేది. చివరికి ఆ లెక్కనూ సర్వర్‌కే అప్పగించే వీలు కల్పించారు. సర్వర్‌సైడ్ అప్లై 2021 ఆగస్టులో 1.22తో స్థిరపడింది. ఏ గడిని ఎవరు మార్చారో ఇప్పుడు సర్వరే గుర్తుంచుకుంటుంది. పదేళ్లలో ఈ కమాండ్ చరిత్ర చాలావరకు ఇదే: దాని తెలివి కొద్దికొద్దిగా సర్వర్‌కు తరలిపోయింది.

పక్కనే పెరిగిన హెల్మ్ మాత్రం సరిగ్గా ఎదురుదిశలో నడిచింది. యామల్ ఫైళ్ల కట్టలను ఒక ప్యాకేజీగా చేసి క్లస్టర్‌లోకి దించే ఈ పనిముట్టు 2015లో పుట్టింది. దాని రెండో వెర్షన్‌లో టిల్లర్ అనే సహాయకుడు క్లస్టర్ లోపల కూర్చుని పని చేసేవాడు. చాలాచోట్ల అతని చేతికి మొత్తం క్లస్టర్ తాళాలు ఇచ్చేయడంతో భద్రతకు ముప్పని తేలింది. 2019 నవంబరులో హెల్మ్ 3 టిల్లర్‌ను తీసేసింది. ఆ పని ఇంజనీరు దగ్గరున్న పనిముట్టుకే తిరిగొచ్చింది.

క్యూబ్‌కంట్రోల్ ఇప్పటికీ తన దగ్గరే ఉంచుకున్న ముఖ్యమైన వస్తువు హోమ్ డైరెక్టరీలోని కాన్ఫిగ్ ఫైలు. ఏ క్లస్టర్‌తో, ఏ గుర్తింపుతో మాట్లాడుతోందో అందులో ‘కరెంట్ కాంటెక్స్ట్’ అన్న ఒక్క గడి చెబుతుంది. టెస్ట్ క్లస్టర్ అనుకుని ప్రొడక్షన్‌లో ‘డిలీట్’ కొట్టే ప్రమాదం అంతా ఆ గడిలోనే ఉంది. క్లస్టర్ వెర్షన్‌కూ ఈ కమాండ్ వెర్షన్‌కూ మధ్య ఒక మెట్టు తేడాను మాత్రమే ప్రాజెక్టు నియమాలు ఒప్పుకుంటాయి. 1.30 సర్వర్‌తో 1.29, 1.30, 1.31 పనిముట్లు వాడవచ్చు.