మాన్యుమెంట్ వ్యాలీ: సినిమాకు ముందున్న కథ

అరిజోనాలోని కయెంటా దాటి 163వ నంబరు రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వెళ్తే, యూటా సరిహద్దు దగ్గర ఎర్రటి మైదానంలో నిట్టనిలువు కొండలు కనబడతాయి. గ్రాండ్ కాన్యన్ చూసి ఇటు మళ్లే మన తెలుగు కుటుంబాలు కూడా ఉంటాయి. కారు దిగి ఫొటో తీసుకునేవాళ్లకు ఆ దృశ్యం ముందే తెలిసినట్టుంటుంది. సినిమాల పుణ్యం అది. అసలు కథ మాత్రం సినిమాతో మొదలు కాలేదు.

ఒకప్పుడు ఇక్కడి నేలంతా ఆ కొండల ఎత్తునే ఉండేది. అడుగున మెత్తటి మట్టిరాయి, దాని మీద 25 కోట్ల ఏళ్లకు పైబడిన గట్టి ఇసుకరాయి. కింది పొర వానకు కరిగిపోయే కొద్దీ పైరాయి పలకలుగా విరిగిపడింది. అందుకే ఆ గోడలు అంత నిలువుగా ఉంటాయి. ఆ ఎరుపు రాతిలోని ఇనుముది.

ఈ నేల నవాహో ఆదివాసులది. తమను తాము డినే అని చెప్పుకుంటారు. 1863-64లో కిట్ కార్సన్ నాయకత్వంలో అమెరికా సైన్యం వాళ్ల మొక్కజొన్న చేలను తగలబెట్టింది, గొర్రెలను చంపింది, కాన్యన్ డి షే అనే లోయలో పీచ్ తోటలు నరికేసింది. ఆకలితో లొంగిపోయినవాళ్లను న్యూమెక్సికోలోని బోస్కె రెడోండో నిర్బంధ శిబిరానికి వందల మైళ్లు నడిపించింది. అక్కడ రెండు వేల మందికి పైగా చనిపోయారు. హోస్కినిని అనే నాయకుడి వెంట కొందరు నవాహో పర్వతం వైపు తప్పించుకున్నారు. 1868 జూన్ 1న ఒప్పందం కుదిరాక మిగిలినవాళ్లు సొంత నేలకు తిరిగొచ్చారు. బలవంతంగా తరలించిన ఒక జాతి ఇలా ఇంటికి చేరడం అమెరికా చరిత్రలో చాలా అరుదు. నా దృష్టిలో ఈ లోయ కథకు గుండెకాయ ఇదే.

1930ల్లో ఆర్థిక మాంద్యానికి తోడు, మేత భూములు పాడవుతున్నాయంటూ ప్రభుత్వం నవాహోల మందలను బలవంతంగా తగ్గించింది. ఆ కష్టకాలంలోనే ఇక్కడ దుకాణం నడిపే హ్యారీ గౌల్డింగ్ 1938లో ఈ కొండల ఫొటోలు పట్టుకుని హాలీవుడ్ వెళ్లాడు. దర్శకుడు జాన్ ఫోర్డ్ వచ్చి తీసిన ‘స్టేజ్‌కోచ్’ 1939లో విడుదలైంది. నవాహోలకు కూలి దొరికింది, నిజమే. కానీ తమ నేల మీదే వాళ్లు, సినిమాలో శత్రువులుగా చూపిన అపాచీల వేషం వేయాల్సి వచ్చింది.

1958లో నవాహో ప్రభుత్వం ఈ లోయను తన తొలి గిరిజన పార్కుగా ప్రకటించింది. లోపల 17 మైళ్ల మట్టిరోడ్డు ఉంది. ఇప్పటికీ అక్కడ కుటుంబాలు కాపురముంటున్నాయి. మీరు వెళ్తే నవాహో గైడును పెట్టుకోండి. గుర్తులున్న దారి తప్పకండి. అడగకుండా మనుషుల ఫొటోలు, ఇళ్ల ఫొటోలు తీయకండి.