పందుంపుల్ల, పలక, పంటిపోటు

ఒకప్పుడు రాజోలు సీమలో తెల్లవారుజామున కాలువగట్టున వేపపుల్లయో కానుగపుల్లయో నమలుచు నిలిచిన రైతు, తనకు తెలియకయే సుశ్రుతుని మాట పాటించుచుండెడివాడు. దంతకాష్ఠము పన్నెండు వ్రేళ్ల వెడల్పంత నిడివియు, చిటికెనవ్రేలంత లావును ఉండవలెననియు, చేదులలో వేప, కారములలో కానుగ మేలనియు సుశ్రుతసంహిత చెప్పినది. అలవాటు చదువు లేకయే వచ్చినది. కారణము తెలియుటకు మాత్రము చదువు కావలసివచ్చినది.

పిప్పిపంటిలో పురుగు దూరినదని మన పల్లెల నమ్మకము. వాకుడు గింజలు నిప్పులపై వైచి పొగ పట్టించి, పురుగు రాలినదని చూపెడివారు. ఇందులకు మనమొక్కరమే సిగ్గుపడనక్కరలేదు. ఇంగ్లండులో కురసానివాము గింజలతో ఇదే తంతు నడచెడిది. నీటిలో సన్నని వాద్యపుతీగెలు పడవైచి పురుగులని నమ్మించెడి మోసగాండ్రను 1597లో జాన్ జెరార్డు బయటపెట్టెను. 1728లో ఫ్రెంచి వైద్యుడు ఫోషారు, సూక్ష్మదర్శినితో వెదకినను పురుగు కానరాలేదనెను. పండ్ల సందున నిలిచిన పిండిపదార్థమును, తీపిని సూక్ష్మజీవులు ఆమ్లముగా మార్చుననియు, ఆ ఆమ్లమే పంటిని కరగించుననియు మిల్లరు 1890 నాటికి తేల్చెను.

ఈ మాట మన ఇండ్లకు చేరుట ఆలస్యమైనది. దేశమున తొలి దంతవైద్య కళాశాలను డాక్టరు ఆర్. అహమ్మదు కలకత్తాలో 1920లో స్థాపించెను. హైదరాబాదు ప్రభుత్వ దంతకళాశాల వచ్చుటకు 1959 పట్టినది. ఇక రాజోలువారికి, చించినాడ వంతెన పడకమునుపు, నరసాపురము పోవలెనన్న వసిష్ఠను పడవపై దాటవలసినదే. పంటిపోటుకు పడవ యెక్కువారెందరు? లవంగనూనె అద్దుకొని ఊరకుండిరి.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. పంటి పైపెంకునకు నరము లేదు. పుచ్చు మొదలైనపుడు నొప్పి యుండదు. పోటు పుట్టునప్పటికి పుచ్చు లోపలి గుజ్జును సమీపించును. ఆ గుజ్జు చచ్చినంతనే నొప్పి మాయమగును; రోగము కుదిరినదని ఇల్లంతయు సంతసించును; కొన్నాళ్లకు చిగురు వాచి చీము పట్టును. నొప్పి లేనప్పుడే పన్ను చూపించుకొనవలెనన్నది తనంతట తోచెడి మాట కాదు, ఎవరైనను నేర్పవలసినది. చదువు అందనివారు వైద్యుని చేరునప్పటికి పీకించుకొనుట తప్ప దారి లేకపోవుటకు పేదరికముతోపాటు ఇదియు ఒక హేతువే.

చదివిన ఇండ్లు మాత్రము నిర్దోషములా? బొగ్గును, ఇటుకపొడిని ముందుగా విడిచినవి అవియే. అవి పంటి పెంకును అరగదీయును గనుక ఆ విడుచుట మంచిదే. కాని పూటపూటకు పంచదార కాఫీయు, బిస్కత్తును ముందుగా తెచ్చుకొన్నవియు అవియే. బ్రష్షు కొన్నంత మాత్రమున ఆ లెక్క తీరలేదు.

అక్షరము రాని అవ్వకు డెబ్బదియేండ్లకును పండ్లు గట్టిగానున్నవే యని వాదించువారు కలరు. నిజమే. ఆమె చిన్ననాట తీపి పండుగకో పెండ్లికో తప్ప ఆ ఇంటి గడప తొక్కలేదు.